పిన్నిగారి తెల్లచీర వయసు

ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను బొగ్గుల వయసు చెప్పి బతికాను. నవ్వకండి. రియాద్‌లో మాకో ప్రయోగశాల ఉండేది. ఎడారిలో తవ్వకాలు జరిపేవాళ్ళు ఎప్పటివో పొయ్యిల్లో మిగిలిన బొగ్గు ముక్కలు ఏరి మాకు పంపేవాళ్ళు. అవి ఏనాటివో తేల్చడం మా పని. నేను కాకినాడ మనిషిని, వాల్తేరులో కెమిస్ట్రీ చదివినవాణ్ణి, పైగా నోరున్నవాణ్ణి. నేనొక వయసు చెప్పానంటే ఇక దానికి తిరుగులేదు. ఆ ధీమా రిటైరై ఇన్నేళ్ళయినా తగ్గలేదని మా ఆవిడ ఇప్పటికీ సణుగుతుంది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "సార్, మీ సర్వీసులో బాగా గుర్తుండిపోయిన శాంపిల్ ఏది?" అని అడుగుతుంటారు. ఏ రాజు సమాధి సంగతో చెబుతానని వాళ్ళ ఆశ. నాకు గుర్తుండిపోయింది ఒక నర్సమ్మ పెళ్ళిచీర.

ముందు మా పని సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. చెట్టయినా, మనిషైనా, పత్తిమొక్కయినా బతికున్నంత కాలం ఒక రకం కార్బన్ లోపలికి తీసుకుంటూనే ఉంటాయి. చచ్చాక అది రావడం ఆగిపోతుంది, ఉన్నది మెల్లమెల్లగా తరిగిపోతుంది. ఎంత తరిగిందో కొలిస్తే ఎప్పుడు చచ్చిందో తెలుస్తుంది. పెట్రోలూ, తారూ, నేలబొగ్గూ ఎన్నో యుగాల కిందట చచ్చినవి, వాటిల్లో ఆ కార్బన్ బొత్తిగా ఉండదు. అవి కాస్త కలిశాయంటే నిన్నటి వస్తువు కూడా ముసలిదైపోతుంది. ఇంకో చిక్కేమిటంటే, వయసు తెలియాలంటే ఆ వస్తువుని కాల్చాలి. కాల్చాక వయసు మిగులుతుంది, వస్తువు మిగలదు.

ఇక చీర మా పిన్నిగారిది. సొంత పిన్ని కాదు. నర్సాపురం వైపు మనిషి, రియాద్‌లో ఓ పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. భర్త పోయాక పిల్లల్ని చదివించుకోవడానికి వచ్చి అక్కడే ఉండిపోయారు. అక్కడి తెలుగు క్రైస్తవులం శుక్రవారం సెలవు గనక ఎవరో ఒకరి ఫ్లాటులో కలిసేవాళ్ళం. అక్కడ మన ప్రార్థనలు బయటపడకూడదు గనక కిటికీలు మూసుకుని, పాటలు గొంతు దాటకుండా పాడుకుని, ప్రార్థన అయ్యాక పులిహోర తినేవాళ్ళం. ఆదివారం ఆరాధన శుక్రవారం చేసుకున్నా దేవుడేమీ అనుకోడని తీర్మానించింది పిన్నిగారే. ఆవిడ తీర్మానించాక దేవుడైనా సర్దుకోవాల్సిందే.

మా ఇద్దరికీ పేచీ ఎక్కడొచ్చిందంటే టూరిన్ బట్ట దగ్గర. ఇటలీలో ఆ ఊళ్ళో ఒక పాత నారబట్ట ఉంది. దాని మీద ఒక మనిషి ఆకారం లీలగా కనబడుతుంది. సిలువ దింపాక యేసుప్రభువు దేహాన్ని చుట్టిన బట్ట ఇదేనని లక్షలమంది నమ్మకం. ఎనభైల చివర్లో దాని మూల ఒక చిన్న ముక్క కత్తిరించి, మూడు ప్రయోగశాలల్లో కార్బన్ పరీక్ష చేసి, ఇది పదమూడు పద్నాలుగు శతాబ్దాల నాటిదని తేల్చారు. లోకమంతా గోల. మా ఫ్లాటులో అంతకంటే గోల.

"ఏవయ్యా అబ్బాయ్, నీ వృత్తి ఇదే కదా. నువ్వేమంటావ్?" అని పిన్నిగారు అడిగారు. ఆవిడ కేథలిక్కు, ఆ బట్ట ఫోటో పర్సులో పెట్టుకున్న మనిషి.

"అనేదేముంది పిన్నిగారూ. మూడు చోట్లా ఒకే మాట వచ్చింది. అది ప్రభువు కాలం నాటిది కాదు," అన్నాను పులిహోర నముల్తూ.

"ఆ బట్ట పెట్టిన మందసానికి ఓసారి నిప్పంటుకుంది. నీళ్ళు పోసి ఆర్పారు. ఎన్ని చేతులు తాకాయో, ఎన్ని కొవ్వొత్తుల మసి పట్టిందో! ఆ మురికి నీ లెక్క చెడగొట్టదా?"

"మొదటి శతాబ్దం బట్ట పద్నాలుగో శతాబ్దందిగా కనబడాలంటే గుడ్డ కంటే కొత్త మురికి ఎక్కువుండాలండీ. వాళ్ళు కడిగారు. మాలాంటి వాళ్ళం ముందు కడుగుతాం, తర్వాతే కాలుస్తాం."

"మరి కత్తిరించింది మూల కదా! చీరయినా దుప్పటయినా ముందు చిరిగేది మూలే. ఎవరో మహాతల్లి కొత్త దారంతో రఫూ చేసుంటుంది. మీ వాళ్ళు ఆ రఫూకి వయసు కట్టారు."

నేను పెద్దగా నవ్వాను. "రఫూ అయితే కంటికి కనబడదూ? వేలితో తడిమితే తెలీదూ? అంత గుడ్డివాళ్ళా పిన్నిగారూ శాస్త్రవేత్తలంటే?"

"వేలికి తెలిస్తే అదేం రఫూ!" అన్నారావిడ. అలా ప్రతి శుక్రవారం మొదలెట్టిన చోటే మళ్ళీ మొదలెట్టేవాళ్ళం. ఎవరూ ఓడేవాళ్ళు కాదు, పులిహోర మాత్రం అయిపోయేది.

అప్పటికి మా ప్రయోగశాలలో శాంపిళ్ళు కడిగే పని చేసేది ఒక జగిత్యాల మనిషి. ముప్ఫై దాటని వయసు. బిల్డింగు పనికొచ్చి, పరంజా మీంచి పడి కాలు విరగ్గొట్టుకుని పిన్నిగారి వార్డులో చేరాడు. ఎముక అతుక్కుంది గానీ కాలు కాస్త పొట్టిదైపోయింది, బరువులు మోసే పనికి పనికిరాడు. పిన్నిగారు నా ప్రాణం తోడి మా దగ్గర పెట్టించారు. "వాడి మీద మాటొస్తే నా మీద వచ్చినట్టే," అని వాడి ముందే నాతో అన్నారు. బొగ్గుని ఆసిడ్‌లో ఒకసారి, క్షారంలో ఒకసారి, మళ్ళీ ఆసిడ్‌లో ఒకసారి కడగాలి. అతను బియ్యం కడిగినంత ఒద్దికగా కడిగేవాడు.

అంతలో యుద్ధం వచ్చిపడింది. ఇరాక్ వాళ్ళ క్షిపణులు రియాద్ మీద పడుతుంటే ప్రయోగశాల మూసేసి, సైరన్ మోగినప్పుడల్లా ఆ బిల్డింగు కింది అంతస్తులోనే దాక్కునేవాళ్ళం. మా ముదీర్, అంటే మా డైరెక్టరు, పక్కనే ఉన్న ఆసుపత్రి క్వార్టర్లవాళ్ళకి కూడా అక్కడ చోటిచ్చాడు. ఎక్కడినుంచో ఉన్ని కంబళ్ళు తెప్పించి మా అల్మారాల్లో కుక్కించాడు. అందరూ పాస్‌పోర్టులూ బంగారమూ పట్టుకుని దిగేవాళ్ళు. పిన్నిగారు ఒక గుడ్డసంచీ చంకన పెట్టుకుని దిగేవారు. అందులో ఉన్నది ఆవిడ పెళ్ళినాటి తెల్లచీర.

మా వైపు కొన్ని ఇళ్ళల్లో ఒక అలవాటుంది. పెళ్ళికి కట్టిన తెల్లచీర దాచిపెట్టుకుంటారు. పోయినరోజున దాన్నే నిలువునా కప్పి సాగనంపుతారు. పిన్నిగారు ఆ చీర వెంట తెచ్చుకుని, "నేనిక్కడ పోతే ఇది కప్పే ఇంటికి పంపండి. ఏదో ఆసుపత్రి దుప్పటి కప్పారంటే లేచి కూర్చుంటాను," అని అందరికీ చెప్పిపెట్టారు. పైన సైరన్ మోగుతుంటే అందరం భయంభయంగా నవ్వేవాళ్ళం.

యుద్ధం ఆగింది. కంబళ్ళు వెళ్ళిపోయాయి, బొగ్గులు మళ్ళీ వచ్చాయి. కువైట్‌లో చమురు బావులు తగలబడుతున్న పొగ గాలి తిరిగినప్పుడల్లా మా ఊరి మీదికీ వచ్చేది. ఆసిడ్ ఘాటు ఒకటి, ఆ పొగ ఒకటి, మా ముక్కులు చచ్చిపోయాయి. సరిగ్గా అప్పుడే మా లెక్కలు అడ్డం తిరగడం మొదలుపెట్టాయి. ఒకే గుంతలో పైనున్న పొయ్యి, కిందున్న పొయ్యి కంటే కొన్ని వందల ఏళ్ళు పాతదని తేలింది. అంటే తాత కంటే మనవడు ముందు పుట్టాడన్నమాట. తవ్వకాలవాళ్ళు నవ్వి వెనక్కి పంపారు.

"కువైట్ పొగ," అన్నాను నేను, ఎప్పటిలాగే గట్టిగా.

ముదీర్ తల అడ్డంగా ఊపాడు. "పొగే అయితే అన్నీ చెడాలి. కొన్నే ఎందుకు చెడ్డాయి?"

నేను రిజిస్టరు లాక్కుని పేజీలు తిరగేయడం మొదలుపెట్టాను. ఆయన ఆగలేదు.

"యంత్రం బాగానే ఉంది, ప్రమాణానికి వాడే రసాయనం ప్రతిసారీ సరిగ్గానే వస్తోంది. ఆ రసాయనం కడిగేవాడి చేతిలోకి వెళ్ళదు. బొగ్గు వెళుతుంది. కొన్ని కడిగాడు, కొన్ని ఎగ్గొట్టాడు. ఖలాస్. అతనికి ఖురూజ్ కొట్టించి ఇంటికి పంపేద్దాం," అన్నాడు.

జగిత్యాల మనిషి సింకు పక్కనే నిలబడి ఉన్నాడు. ఖురూజ్ అన్న ముక్క అర్థం కాని కూలీ గల్ఫ్‌లో ఎవడూ ఉండడు. దేశం వదిలి పొమ్మని పాస్‌పోర్టు మీద ఆ ముద్ర పడితే ఇక వెనక్కి రావడం ఉండదు.

"సార్, అల్లా మీద ఒట్టేయమంటే ఏస్త, మల్లన్న మీద ఏయమంటే ఏస్త. ఒక్కటి గుడ ఎగ్గొట్టలే," అన్నాడు నాతో. "ఈ కాలు వెట్టుకొని ఇంటికి వోతే నాకెవడు పనిస్తడు సార్?"

అతని పని నాకు తెలుసు. కానీ తెలియడం వేరు, రుజువు చెయ్యడం వేరు. పుట్టిన ఏడాది ఖాయంగా తెలిసిన వస్తువొకటి తెచ్చి, బొగ్గు చేసి, అతని చేతే కడిగించి, వయసు సరిగ్గా వచ్చిందని చూపించాలి. అదీ కాస్త పాతదై ఉండాలి. అణుబాంబు పరీక్షలు జోరందుకున్నాక పుట్టిన వాటిల్లో ఆ కార్బన్ మామూలు కంటే ఎక్కువుంటుంది, లెక్క కలవదు. నలభై ఏళ్ళ కిందటి వస్తువు రియాద్‌లో ఎవరి దగ్గరుంటుంది? గల్ఫ్‌లో మన దగ్గరున్నవన్నీ నిన్నగాక మొన్న కొన్నవే.

అడిగితే ముదీర్ వారం గడువిచ్చాడు. శుక్రవారం ప్రార్థనకి వెళ్ళినప్పుడు, నా మొహం చూసి పిన్నిగారు అడిగితే ఇదంతా చెప్పాను. ఆవిడ లోపలికెళ్ళి గుడ్డసంచీ తెచ్చి నా ఒళ్ళో పడేశారు.

"బాంబులకు ముందుదే. నా పెళ్ళేడు సర్కారు రికార్డుల్లో కూడా ఉంది. కొత్త పత్తితో నేయించారు మా నాన్న. ఎంత కావాలి?"

"పిన్నిగారూ, ఇది..."

"ఎంత కావాలని అడుగుతున్నాను."

"బొగ్గయ్యాక మిగిలేది గుప్పెడు. రెండు మూడుసార్లు చెయ్యాలి. సగం పోతుంది."

జగిత్యాల మనిషి గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు, నాతోపాటు వచ్చాడు. "వద్దు సిస్టరమ్మా! అది మీ ఆఖరి బట్ట. నా కోసం కాలవెట్టకుండ్రి," అని ఏడ్చేశాడు.

"నోర్ముయ్. పోయాక నడుం దాకా కప్పితే చాల్లే. కాళ్ళకి చలేస్తే లేచి చెబుతాలే," అని ఆవిడే కత్తెర తెచ్చి చీర మధ్యకి మడిచి పరపరా కత్తిరించారు. ఆ చప్పుడుకి గదిలో ఆడవాళ్ళందరూ కళ్ళు మూసుకున్నారు.

ముక్క చేతికి తీసుకోగానే గుప్పుమని కలరా ఉండల వాసన. ఉపన్యాసం ఇవ్వకపోతే నాకు నిద్ర పట్టదు కదా, మొదలుపెట్టాను. "ముందు దీన్ని బాగా ఎండలో ఆరెయ్యాలి పిన్నిగారూ. ఈ కలరా ఉండలు తారు లోంచి తీసేవి, చచ్చిన కార్బన్. గుడ్డ కాబట్టి సరిపోయింది, అదే బొగ్గయితే వాసన పీల్చుకుని పట్టేసుకుంటుంది. అందుకే కదా బొగ్గు దగ్గర..."

అక్కడ ఆగిపోయాను. అదే వాసన. క్షిపణులు పడే రోజుల్లో మేం కప్పుకున్న కంబళ్ళ వాసన. ఆ కంబళ్ళు పెట్టింది మా అల్మారాల్లో. కడిగి ఆరబెట్టిన బొగ్గులు వంతు వచ్చేదాకా ఉండేది ఆ అల్మారాల్లోనే. వంతు తొందరగా వచ్చినవి బాగున్నాయి, చాలా రోజులు అందులో పడున్నవి ముసలివైపోయాయి. కంబళ్ళు పోయినా ఉండలు అరల కింద ఎక్కడో పడున్నాయన్నమాట!

"ఏవైందయ్యా, నీకు నోరు పడిపోవడం నేనెప్పుడూ చూళ్ళేదు," అన్నారు పిన్నిగారు.

పరుగున వెళ్ళి అల్మారా వెనక చెక్క ఊడదీశాం. సగం కరిగిన తెల్లటి ఉండలు బోలెడు. జగిత్యాల మనిషి చేతిలోకి తీసుకుని, "డాంబర్ గోలీలు!" అన్నాడు.

కానీ ఉండలు చూపిస్తే ముదీర్ ఒప్పుకుంటాడా? ఆ కంబళ్ళు పెట్టించింది ఆయనే. అందుకే చీర కాలక తప్పలేదు. ఆరేసి, గాలి తగలకుండా కాల్చి బొగ్గు చేశాం. ముదీర్ కళ్ళముందే జగిత్యాల మనిషి ఆ బొగ్గంతా కడిగాడు. అందులో సగం గాజుసీసాలో పెట్టి బిగించాం, సగం ఆ అల్మారాలోనే పళ్ళెంలో వదిలేశాం. తాళంచెవి ముదీర్ జేబులో. గడువు పొడిగించమంటే ఏ కళనున్నాడో సరేనన్నాడు.

ఫలితాలొచ్చిన రోజు యంత్రం ముందు ముదీర్ కుర్చీలో కూర్చున్నాడు, నేను ఆయన వెనక నిలబడ్డాను. జగిత్యాల మనిషి లోపలికి రమ్మన్నా రాలేదు, వరండాలో గోడకి ఆనుకుని చతికిలబడ్డాడు. సీసాలో ఉన్నది ఈ కాలందని వచ్చింది. పళ్ళెంలో ఉన్నది ఏడొందల ఏళ్ళ కిందటిదని వచ్చింది. ఒకే చీర, ఒకే చేత్తో కడిగింది.

ముదీర్ మళ్ళీ చెయ్యమన్నాడు. మళ్ళీ అంతే. లేచి వరండాలోకి వెళ్ళాడు. క్షమించమని అనలేదు, అలాంటివి ఆయనకి రావు. "లే, అల్మారాలన్నీ ఎండలో పడెయ్యాలి, యల్లా," అని తనే ఒక చివర పట్టుకున్నాడు. రెండో చివర జగిత్యాల మనిషి కుంటుతూ పట్టుకున్నాడు. ఖురూజ్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నాకు ఆనందం పట్టక గదిలో ఒక్కణ్ణే చప్పట్లు కొట్టుకున్నాను.

ఆ శుక్రవారం పిన్నిగారికి అంతా చెప్పాను. ఆవిడ ముందు వాణ్ణి దగ్గరికి పిలిచి తల నిమిరారు, తర్వాత నా వైపు తిరిగారు.

"అయితే నా పెళ్ళి కాకతీయుల కాలంలో అయిందంటావ్! మా ఆయన గుర్రమెక్కి వచ్చినట్టు గుర్తులేదే. ప్రభువు బట్టకీ నా చీరకీ ఒకే ఈడు కట్టావ్ చూశావా? ఇప్పుడేమంటావ్?"

"అప్పుడన్నదే అంటాను. పాత మురికి పాతవైపు లాగుతుంది పిన్నిగారూ. ముసలిదవడానికి చిటికెడు తారు చాలు. పడుచుదవ్వాలంటే సగానికి పైగా కొత్త సరుకు పడాలి."

"సగం కొత్త సరుకు పెట్టి ఎవరైనా రఫూ చేస్తేనో?"

"కనబడుతుందన్నానుగా."

"సరే, నీ కళ్ళు నీవి," అన్నారు.

కొన్నేళ్ళకి ఆవిడ రిటైరై ఊరెళ్ళిపోయారు. ఆ సగం చీర తలచుకుంటే నా మనసు చివుక్కుమనేది. దానికి తగ్గ చీర కొనిస్తానంటే ఫోన్‌లోనే తిట్టారు, కొత్తది ఎప్పటికీ పెళ్ళిచీర కాదట. నేను కూడా ఇంటికి వచ్చేశాను. జగిత్యాల మనిషి మాత్రం మా తర్వాత కూడా చాలాకాలం అక్కడే బొగ్గులు కడిగాడు.

పిన్నిగారు పోయారని కబురొచ్చిన రోజు నేను నర్సాపురం వెళ్ళేసరికి పెట్టెలో పడుకోబెట్టేశారు. చూడగలనో లేదో అనుకుంటూనే దగ్గరికెళ్ళాను. నడుం దాకా కాదు. మెడ నించి పాదాల దాకా నిండుగా తెల్లచీర కప్పి ఉంది.

"ఇదెక్కడిదమ్మా?" అన్నాను వాళ్ళమ్మాయితో.

"అమ్మ పెళ్ళిచీరేనండి. జగిత్యాల బాబాయి సగం పట్టుకెళ్ళి నిండుగా చేసి తెచ్చిచ్చాడు, ఎప్పుడో."

అతను గోడ పక్కనే ఉన్నాడు. జుట్టు నెరిసింది, కుంటు అలాగే ఉంది. రిటైరై వచ్చేశాడట, రాత్రంతా ప్రయాణం చేసి వచ్చాడు. ఇద్దరం పట్టుకుని ఏడ్చాం. కాస్త తేరుకున్నాక అడిగాను.

"సగం కొత్తదా?"

"అవ్ సార్. హైద్రాబాద్‌ల ముసలి రఫూగర్ ఉండె. మూడు మాట్ల తిరిగిన ఆయన సుట్టు."

"అతుకెక్కడ?"

తల అడ్డంగా ఊపాడు. "జెప్పొద్దని మాట దీస్కున్నది సిస్టరమ్మ. కార్బన్ సారు వస్తడు, ఆయన్నే యేలు వెట్టి దేవులాడుకోమను అన్నది."

అంత దుఃఖంలోనూ నవ్వొచ్చింది నాకు. టూరిన్ బట్ట గురించి నా మాట ఇప్పటికీ అదే, మార్చలేదు, మార్చను. కానీ ఆవిడ నాకొక పరీక్ష పెట్టి వెళ్ళారు, రాయకుండా ఎలా ఉంటాను? కళ్ళజోడు తుడుచుకుని పెట్టె పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. మెడ దగ్గర మొదలుపెట్టి వేలితో మెల్లగా తడుముతూ వచ్చాను. గుండె దగ్గర, చేతుల దగ్గర, నడుం దగ్గర. పాదాల దాకా వచ్చి మళ్ళీ వెనక్కి వెళ్ళాను.

"ఫాదర్‌గారు ప్రార్థన మొదలుపెడుతున్నారండీ, మూత వేస్తాం," అన్నారెవరో.

"ఒక్క నిమిషం," అన్నాను. నాకింకా అతుకు దొరకలేదు.